వీపీఎన్ పెట్టెల వెనుక ముప్పై ఏళ్లు

బ్రాంచి ఆఫీసులను, ఇంటి నుంచి పనిచేసేవాళ్లను హెడ్డాఫీసుతో కలపడానికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఇతరులు చదవలేకుండా సమాచారం పంపే ప్రైవేటు దారి) పరికరం కొనాలనుకునేవాళ్లు ముందుగా చూసేది డేటాషీట్‌లో ‘వీపీఎన్ థ్రూపుట్’, అంటే సెకనుకు ఎంత సమాచారం పంపగలదన్న వరుస. ఫలానా మోడల్ ఇన్ని గిగాబిట్లు, ఇంకోటి అంతకు రెట్టింపు అని పోల్చుకుని, ధర చూసుకుని ఆర్డర్ పెట్టేస్తారు. ఆ అంకె అంత పైన ఎందుకు కూర్చుందో తెలియాలంటే 1990ల్లోకి వెళ్లాలి. అప్పట్లో అది నిజంగానే తేల్చుకోవాల్సిన మొదటి విషయం. ఇప్పుడు సంస్థల కొంప ముంచుతున్న విషయాలు వేరు. వాటికి డేటాషీట్‌లో వరుసే ఉండదు.

ఇంటర్నెట్ ఇంకా వ్యాపారాల్లోకి రాని రోజుల్లో రెండు ఆఫీసులు కలవాలంటే టెలిఫోన్ కంపెనీ దగ్గర లీజ్డ్ లైన్, అంటే తమకే ప్రత్యేకించిన అద్దె లైన్, తీసుకోవాల్సిందే. చిన్న సంస్థకు సెకనుకు 64 కిలోబిట్లు. డబ్బున్నవాళ్లకు 1.544 మెగాబిట్ల టీ1, యూరప్ పద్ధతి నడిచే దేశాల్లో 2.048 మెగాబిట్ల ఈ1. దూరం పెరిగేకొద్దీ అద్దె పెరిగేది. తర్వాత వచ్చిన, ఒకే నెట్‌వర్క్‌ను పలు సంస్థలు పంచుకునే ఫ్రేమ్ రిలే ఖర్చు కొంత తగ్గించింది. ఈ లైన్ల మీద వెళ్లే సమాచారానికి సాధారణంగా ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చడం) ఉండేది కాదు. లైన్ వేరేవాళ్లది కాదు కదా అన్న నమ్మకమే భద్రత.

అందరూ నడిచే ఇంటర్నెట్ మీదుగా అదే పని చవగ్గా చేయొచ్చని తేలాక ఆ నమ్మకం సరిపోలేదు. ఐపీ ప్యాకెట్‌నే (ఇంటర్నెట్‌లో సమాచారం ప్రయాణించే చిన్న ముక్కనే) ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ ప్రమాణాలను, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ మొదట 1995 ఆగస్టులో విడుదల చేసింది, 1998 నవంబరులో తిరగరాసింది. అది బలమైనదే గానీ అమర్చడం తలనొప్పి. ఈలోగా మైక్రోసాఫ్ట్, మరికొన్ని కంపెనీలు కలిసి తెచ్చిన పీపీటీపీ అనే వీపీఎన్ పద్ధతి 1996లో విండోస్ ఎన్‌టీ 4తో ఉచితంగా వచ్చేసింది. తేలిగ్గా పనిచేయడంతో అందరూ దాన్నే వాడారు. 1998లోనే బ్రూస్ ష్నయర్, మడ్జ్ అనే ఇద్దరు నిపుణులు అందులోని లోపాలను బయటపెట్టారు. 2012లో భద్రతా పరిశోధకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ దాని పాస్‌వర్డ్ పద్ధతిని ఛేదించడమంటే డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిలోని ఒక్క 56 బిట్ల తాళంచెవిని కనుక్కోవడమేనని చేసి చూపించాడు. అయినా చాలా రౌటర్ల మెనూల్లో అది ఏళ్ల తరబడి కొనసాగింది. తేలిగ్గా పనిచేసేదాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో ఈ రంగం అప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

వేగం గొడవ మొదలైంది డీఈఎస్ దగ్గరే. 1998 జులైలో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రం కట్టి, డీఈఎస్ తాళంచెవిని 56 గంటల్లో కనిపెట్టింది. దాంతో అందరూ ట్రిపుల్ డీఈఎస్ వైపు మళ్లారు. పేరులోనే ఉన్నట్టు అదే పనిని మూడుసార్లు చేయడం. అప్పటి రౌటర్లలోని ప్రాసెసర్లు ఆ భారం మోయలేక చేతులెత్తేశాయి. అందుకే ఎన్‌క్రిప్షన్ కోసమే చేసిన చిప్‌లతో ప్రత్యేకమైన పెట్టెలు వచ్చాయి. 1997లో మొదలైన నెట్‌స్క్రీన్ ఆ చిప్‌ల మీదే పేరు తెచ్చుకుంది. 2000లో సిస్కో ఆల్టిగా అనే కంపెనీని కొని, దాని పరికరాన్ని వీపీఎన్ 3000 కాన్సంట్రేటర్‌గా అమ్మింది. ‘మా పెట్టె ట్రిపుల్ డీఈఎస్ ఇంత వేగంతో చేస్తుంది’ అన్న మాటకు విలువ వచ్చింది ఆ రోజుల్లోనే.

తర్వాత లెక్క మారిపోయింది. 2001 నవంబరులో డీఈఎస్ స్థానంలో ప్రమాణమైన ఏఈఎస్ సాఫ్ట్‌వేర్‌లో కూడా చురుగ్గా నడుస్తుంది. 2010 నుంచి ఇంటెల్ మామూలు ప్రాసెసర్లలోనే ఏఈఎస్ కోసం ప్రత్యేక ఆదేశాలు పెట్టింది. ఈ రోజు ఎన్‌క్రిప్షన్ ఒక్కటే పెట్టెను కుంగదీయడం అరుదు. కుంగదీసేది ప్యాకెట్ల సంఖ్య. ఒక గిగాబిట్ లైన్‌ను 1518 బైట్ల ఫ్రేములతో (ప్యాకెట్‌ను చుట్టి లైన్ మీద పంపే రూపం) నింపితే సెకనుకు దాదాపు 81 వేలు వెళ్తాయి. అదే 64 బైట్ల ఫ్రేములైతే 14.88 లక్షలు. డేటాషీట్లలో వీపీఎన్ వేగం చాలావరకు పెద్ద ప్యాకెట్లతో కొలిచిందే. ఆఫీసు ఫోన్ కాల్ పంపే ప్యాకెట్ సాధారణంగా 200 బైట్లు. అలాంటి చిన్న ప్యాకెట్లే ఎక్కువగా ఉన్నప్పుడు ఆ అంకె చూపించి ప్రయోజనం లేదు. పైగా అదే పెట్టెలో వైరస్ తనిఖీ, చొరబాటు తనిఖీ ఆన్ చేస్తే వేగం ఇంకా పడిపోతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు చెప్పాలి. దీని వల్ల బాగున్న పెట్టెలను కూడా మూలన పడేస్తుంటారు. ఆఫీసు కేబుళ్లలో వాడే ఈథర్‌నెట్‌లో ప్యాకెట్‌కు మామూలు హద్దు 1500 బైట్లు. ఐపీసెక్ తన హెడర్లను (ప్యాకెట్ ముందు ఉండే చిరునామా వంటి వివరాలను) జోడిస్తే అందులో యాభై నుంచి ఎనభై బైట్ల దాకా పోతాయి. బ్రాంచి నుంచి పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే చిన్న సందేశం) కొడితే జవాబు వస్తుంది, లాగిన్ పేజీ కూడా తెరుచుకుంటుంది, పెద్ద ఫైలు తెరవబోతే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది చేసి పంపు అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే పరికరం) ఆపేసి ఉంటుంది. ప్యాకెట్‌లో వెళ్లే డేటా ముక్క, అంటే టీసీపీ సెగ్మెంట్, గరిష్ఠ పరిమాణాన్ని 1350 బైట్ల దగ్గర కట్టడి చేస్తే చాలాసార్లు సమస్య అక్కడితో పోతుంది.

ఆఫీసుల మధ్య టనెల్‌కు (వీపీఎన్ కల్పించే ఎన్‌క్రిప్ట్ చేసిన దారికి) ఐపీసెక్ కుదురుకున్నా, ఇళ్ల నుంచి, హోటళ్ల నుంచి పనిచేసేవాళ్లను అది మొదట్లో బాగా ఏడిపించింది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఐపీసెక్ ప్యాకెట్లకు పోర్టు నంబర్లు (యంత్రంలో ఏ ప్రోగ్రాంకు చేరాలో చెప్పే అంకెలు) ఉండవు. ఒకే అడ్రసును పదిమందికి పంచే రౌటర్ వాటిని ఎవరికి చేర్చాలో తెలియక పడేసేది. వాటిని పోర్టు నంబరుండే యూడీపీ ప్యాకెట్లలో, 4500 పోర్టు మీద చుట్టి పంపే పద్ధతి ప్రమాణంగా వచ్చేసరికి 2005 జనవరి అయింది. అప్పటికే బ్రౌజర్‌కు, వెబ్‌సైట్‌కు మధ్య వాడే ఎన్‌క్రిప్షన్‌తో నడిచే ఎస్సెస్సెల్ వీపీఎన్ పాతుకుపోయింది. వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదే నడుస్తుంది కాబట్టి ఎక్కడైనా తెరిచే ఉంటుంది, బ్రౌజర్ ఉంటే చాలు. ఈ రకం పెట్టెలతో పేరు తెచ్చుకున్న నియోటెరిస్‌ను 2003లో నెట్‌స్క్రీన్ కొంది. 2004లో నెట్‌స్క్రీన్‌ను జునిపర్ కొంది. 2014లో ఆ విభాగం విడిపోయి పల్స్ సెక్యూర్ అయింది. 2020 చివర్లో ఇవాంటీ చేతికి వెళ్లింది.

చేతులు మారిన వరుసను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఎస్సెస్సెల్ వీపీఎన్ పెట్టె అంటే ఇంటర్నెట్‌కు ముఖం పెట్టి కూర్చున్న వెబ్ సర్వర్. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన అభ్యర్థనను కూడా అది చదవాలి. కోడ్ పాతబడుతూ యజమానులు మారుతూ ఉంటే లోపాలు పేరుకుపోతాయి. 2019లో పల్స్ సెక్యూర్‌లో బయటపడిన లోపంతో లాగిన్ కాకుండానే లోపలి ఫైళ్లు చదివేయొచ్చు. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) ఆ ఏప్రిల్‌లోనే వచ్చింది. వేయనివాళ్ల పెట్టెల మీద దాడులు మరుసటి ఏడాదీ ఆగలేదు. ప్యాచ్ వేసినా, ముందే దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో లోపలికి వస్తున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ 2020 ఏప్రిల్‌లో హెచ్చరించాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కోవిడ్ వల్ల సిబ్బంది మొత్తం ఇళ్లకు చేరి, ఆ పెట్టెల మీదే ఆధారపడింది. 2024 జనవరి 31న ఇదే వంశానికి చెందిన ఇవాంటీ పెట్టెలను రెండు రోజుల్లో నెట్‌వర్క్ నుంచి ఊడదీయమని సీఐఎస్‌ఏ ప్రభుత్వ విభాగాలను ఆదేశించింది.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఫోర్టినెట్ ఎస్సెస్సెల్ వీపీఎన్‌లోని ఒక లోపం నుంచి పాస్‌వర్డ్‌లు పెద్దఎత్తున బయటికి పోయాయి. జునిపర్ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగచాటుగా కోడ్ పెట్టారని 2015 డిసెంబరులో బయటపడింది. దాంతో వీపీఎన్ సమాచారాన్ని కూడా విప్పి చదవొచ్చు. 2021 మేలో అమెరికాలోని ఇంధన పైప్‌లైన్ కొలోనియల్ పైప్‌లైన్‌ను ఆపేసిన దాడికి దారి ఇచ్చింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. 2024లో నార్వే సైబర్ భద్రతా కేంద్రం ఎస్సెస్సెల్ వీపీఎన్‌లను వదిలి ఐపీసెక్‌కు మారమని సలహా ఇచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం ఏ ఇబ్బంది భరించలేక జనం ఐపీసెక్‌ను వదిలారో, ఆ ఇబ్బంది తీరిపోయి చాలాకాలమైంది. అందుకే ఈ సలహా సరైనదని నా అభిప్రాయం.

ఇంకో దారి వైర్‌గార్డ్ అనే కొత్త వీపీఎన్ పద్ధతి. 2020 మార్చిలో లినక్స్ 5.6తో ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో చేరింది. కోడ్ నాలుగు వేల వరుసల దరిదాపుల్లోనే ఉంటుంది, తెలియని తాళంచెవితో వచ్చిన ప్యాకెట్‌కు అసలు జవాబే ఇవ్వదు. ప్రత్యేక చిప్ లేని చిన్న ప్రాసెసర్‌లోనూ బాగా నడుస్తుంది.

కాబట్టి అమ్మేవాళ్లను ముందుగా అడగాల్సింది గిగాబిట్ల గురించి కాదు. ఈ మోడల్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏ తేదీ దాకా ఇస్తారు? లాగిన్ పేజీని ఇంటర్నెట్‌కు తెరవకుండా పని జరుగుతుందా? సిబ్బంది మొత్తం ఒకే రోజు ఇంటి నుంచి లాగిన్ అయితే లైసెన్సులు సరిపోతాయా, రెండో తనిఖీకి విడిగా డబ్బు కట్టాలా? వీటికి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. బడ్జెట్‌లో బ్రాంచి వైపు పెట్టెలను కూడా కలపండి. హెడ్డాఫీసుకు కొత్తది తెచ్చి బ్రాంచిలో పాతది ఉంచితే, టనెల్ నిలబడటం కోసం కొత్తదాని సెట్టింగులను ట్రిపుల్ డీఈఎస్‌కు, 1024 బిట్ల డిఫీ-హెల్మన్‌కు (రెండు వైపులా ఒకే తాళంచెవిని కుదుర్చుకునే పద్ధతికి) దించేస్తారు. ఆ 1024 బిట్లను పెద్ద దేశాల గూఢచారి సంస్థలు ఛేదించగలవని 2015లోనే పరిశోధకులు లెక్కగట్టారు.