దుబాసీ ఖర్చు ఎవరిది? బధిర తల్లిదండ్రుల పాత తగాదా

అమెరికాలో 17 రాష్ట్రాలు 2024 సెప్టెంబరులో టెక్సాస్ కోర్టులో వేసిన దావాతో సెక్షన్ 504 మళ్లీ వార్తల్లోకెక్కింది. కేంద్ర నిధులు పుచ్చుకునే సంస్థలు వైకల్యం ఉన్నవారిపై వివక్ష చూపరాదన్న నిబంధన ఇది, 1973 నాటి చట్టంలోది. దావా వేసిన రాష్ట్రాల అసలు కోపం వేరే అంశాలపైన. కానీ అవి కొట్టేయమన్నది 2024 మే నాటి కొత్త నియమావళి మొత్తాన్ని. శిశు సంక్షేమ శాఖలు పాటించాల్సిన నిబంధనలూ అందులోనే ఉన్నాయి. పిల్లల పెంపకం తరగతుల్లో బధిర తల్లిదండ్రులకు సంజ్ఞా భాషా దుబాసీని ఎవరు పెట్టాలన్న పేచీ అలా మళ్లీ రేగింది.

దీని మూలం 1990లో ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రామపోలో రోత్‌షైల్డ్ దంపతులు బధిరులు, ఇద్దరు కూతుళ్లకూ వినబడుతుంది. టీచర్లతో మాట్లాడేందుకు దుబాసీని ఇవ్వమని అడిగితే, ఈ చట్టం విద్యార్థుల కోసమే తప్ప తల్లిదండ్రుల కోసం కాదని పాఠశాల యంత్రాంగం వాదించింది. సొంత డబ్బుతో దుబాసీని పెట్టుకున్న ఆ దంపతులు కోర్టుకెక్కారు. తల్లిదండ్రుల కోసం బడే కార్యక్రమాలు నడుపుతున్నప్పుడు వాటిలో వారికీ హక్కు ఉంటుందని అప్పీలు కోర్టు తేల్చింది. చదువు, క్రమశిక్షణ విషయాల్లో బడి పిలిచే సమావేశాలకు దుబాసీ ఖర్చు బడిదే. ఇష్టపడి వెళ్లే ఇతర కార్యక్రమాలకు మాత్రం వారిదే.

నా లెక్కలో తర్వాతి రగడంతా ఈ గీత చుట్టూనే తిరిగింది. పెంపకం తరగతి ఇష్టపడి వెళ్లేదా, తప్పనిసరిదా? బిడ్డను ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంటే, తల్లికి అది పూర్తి చేయడం కోర్టు షరతు కావచ్చు. ఇలాంటి పిల్లల కోసం వచ్చిన 1997 నాటి కేంద్ర చట్టం ప్రకారం బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు ప్రభుత్వ సంరక్షణలో పెరిగితే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు శాఖ కోర్టును కోరాలి. దుబాసీ లేక తరగతి వాయిదా పడినా ఆ గడువు ఆగదు. బధిరులైన, చూపులేని తల్లిదండ్రుల నుంచి పిల్లలను తీసేసుకోవడం చాలా ఎక్కువగా ఉందని జాతీయ వికలాంగుల మండలి 2012లోనే రాసింది.

దుబాసీ వచ్చినా సరిపోదు. శిశువుకు గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో నర్సు బొమ్మ మీద చూపిస్తూ చెబుతుంటుంది. బధిర తల్లి ఎవరి చేతులు చూడాలి? ముందు చెప్పి, ఆగి, ఆ తర్వాత చూపిస్తే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

దుబాసీలు దొరకరని, తరగతులు నడిపేది ప్రైవేటు సంస్థలని శాఖలు అంటాయి. పని అప్పగించినంత మాత్రాన బాధ్యత పోదని 2015లో రెండు కేంద్ర శాఖలు స్పష్టం చేశాయి. అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లలతో అనువాదం చేయించరాదన్న నిబంధన 2011 నుంచే అమల్లో ఉంది.

నియమావళి పోయినా సెక్షన్ 504 ఉంటుందని రాష్ట్రాలు 2025లో అన్నాయి. నిజమే, ఉంటుంది. రోత్‌షైల్డ్ దంపతులు కోర్టుకెళ్లిన నాడూ ఉంది.