సెకండ్ హ్యాండ్ బేరంలో డబ్బు వెనక్కి రావడం ఎందుకింత కష్టం?

విశాఖలో పాత సామానుకు ఎప్పుడూ కొదవ లేదు. నౌకాదళంలో, రైల్వేలో, బ్యాంకుల్లో బదిలీలు మామూలే. ఆర్డరు చేతికొస్తే ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ నాలుగు రోజుల్లో వదిలించుకోవాలి. కొనేది ఎంవీపీ కాలనీలోనో కూర్మన్నపాలెంలోనో కొత్తగా గది తీసుకున్న కుర్రాళ్లు. ఈ బేరాలు నోటిమాట మీద నడిచిన రోజుల్లో అమ్మిన మనిషి ఎవరో, ఎక్కడ పనిచేస్తాడో తెలిసేది. సరుకు తేడా చేస్తే వెళ్లి అడిగేవారు. ఇప్పుడు బేరం ఫోన్లో కుదురుతోంది, డబ్బు క్షణంలో వెళ్లిపోతోంది, అడగడానికి మాత్రం మనిషి దొరకడం లేదు. ఇది ఒక్కరోజులో వచ్చిన ఇబ్బంది కాదు.

ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి నేటికీ ఆధారం 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే. దాని 16వ సెక్షన్ ప్రకారం చూసుకుని కొనుక్కోవలసిన బాధ్యత కొనేవాడిదే. నాణ్యత పూచీ ప్రధానంగా ఆ సరుకుతో వ్యాపారం చేసేవాడి మీదే ఉంటుంది. బదిలీ మీద వెళ్తూ పాత ఏసీ అమ్మే ఉద్యోగి మీద ఉండదు. అయితే చాలామంది పట్టించుకోని రెండు సెక్షన్లు ఎవరు అమ్మినా వర్తిస్తాయి. 14వ సెక్షన్: అమ్మేవాడికి ఆ వస్తువును అమ్మే హక్కు ఉండాలి. 15వ సెక్షన్: వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. కాబట్టి ప్రకటనలో ‘2022 మోడల్, 1.5 టన్ను, ఇన్వర్టర్’ అని రాసి వేరేది అంటగడితే డబ్బు అడగొచ్చు. ‘మంచి కండిషన్’ అని మాత్రమే రాస్తే అడగడానికి పట్టు దొరకదు. ప్రకటన స్క్రీన్‌షాట్ డబ్బు పంపకముందే తీసి పెట్టుకోవాలి. అమ్మకం అయిన గంటలోనే ప్రకటన మాయం కావచ్చు.

ఆన్‌లైన్ బేరాల తొలి రోజుల్లో ఈ లోటును కొంత పూడ్చిన ఏర్పాటు ఒకటి ఉండేది. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది. ఈబే ఇండియాలో పైసాపే ద్వారా కడితే డబ్బు ముందు మధ్యవర్తి దగ్గర ఆగేది, ఆ తర్వాతే అమ్మినవాడికి చేరేది. సరుకు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా ఆ ఆగిన సొమ్ము మీదే తగువు తేలేది. తర్వాత వచ్చిన క్వికర్, ఓఎల్ఎక్స్ ప్రధానంగా ప్రకటనల వేదికలుగా పెరిగాయి. ఎదురుగా కలవండి, చూసుకోండి, చేతికి ఇచ్చుకోండి అన్నది వాటి పద్ధతి. ఈబే భారత సైటు 2018 ఆగస్టులో మూతపడింది. డబ్బును మధ్యలో ఆపే అలవాటు పాత సామాను బేరాల్లో పాతుకోకపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టమని మా అభిప్రాయం.

వేదికలు ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అనడానికీ చరిత్ర ఉంది. ఎవరో పెట్టిన అశ్లీల వీడియో అమ్మకం ప్రకటన మీద 2004లో బాజీ అధిపతి అరెస్టయ్యారు. ఆ కేసు పెద్ద చర్చకు దారితీసింది. 2008లో ఐటీ చట్టం 79వ సెక్షన్‌ను సవరించి, 2009 అక్టోబరు నుంచి అమలు చేశారు. ఇతరులు పెట్టిన సమాచారానికి, తగిన జాగ్రత్తలు పాటించిన వేదిక బాధ్యత వహించనక్కర్లేదు.

2016లో యూపీఐ వచ్చాక బేరం మరింత వేగం పుంజుకుంది. పిన్ కొట్టి పంపిన డబ్బును బ్యాంకు తనంతట తాను వెనక్కి తేలేదు. మోసగాళ్లు ఇక్కడే దూరారు. సైనికుడినో, కర్మాగారాలకు కాపలా కాసే సీఐఎస్ఎఫ్ జవాన్నో అని చెప్పి, ఐడీ కార్డు ఫొటో పంపి, ‘బదిలీ అయింది, బండి మిలటరీ పార్సిల్లో పంపుతాను, రవాణా ఖర్చు ముందు వేయండి’ అంటారు. నిజంగానే నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి విశాఖవాళ్లకు ఆ మాట నమ్మదగ్గట్టుగానే ఉంటుంది. రెండో ఎత్తు రీఫండ్ పేరుతో క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమనడం. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసం తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము ఇంకా చేతులు మారకపోతే, ఆ ఖాతాలో ఆపించే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వాలని, కాదంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. పాత సరుకును కొత్తదని అమ్మడమూ అంతే. మూడు రోజులకు వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలన్నాయి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. కానీ వ్యాపారంగా కాకుండా సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి ఆ నిబంధనలు వర్తించవని అందులోనే రాశారు. అందుకే ఒకే ఫోన్‌ను రిఫర్బిష్డ్ (బాగుచేసిన పాత) సరుకు అమ్మే సంస్థ దగ్గర కొంటే ఒక దారి, డాబాగార్డెన్స్‌లో ఒక వ్యక్తి దగ్గర కొంటే ఇంకో దారి.

సంస్థ దగ్గర కొన్న ఫోన్ వాపసులో తగువు ఎక్కువగా ఐఎంఈఐ దగ్గర, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు దగ్గర వస్తుంది. పంపింది ఇది కాదంటారు. పెట్టె తెరిచేటప్పుడు, వాపసు మనిషి తీసుకెళ్లేటప్పుడు, రెండుసార్లూ *#06# కొట్టి తెర మీది నంబరు వీడియోలో పడేలా చూడాలి. వ్యక్తి దగ్గరైతే ఆ నంబరును బిల్లుతో సరిపోల్చాలి. KYM అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పెట్టాలి. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే తెలుస్తుంది. అతని గూగుల్ ఖాతా ముందు తీయించి, తర్వాతే రీసెట్ చేయించాలి. వరస తప్పితే ఫోన్ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ తాళం పడిపోతుంది.

ఫ్రిజ్ తగువులు వేరు. ఆటోలో పడుకోబెట్టి తెచ్చి, దించగానే స్విచ్ వేస్తారు. కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, మోటారు దెబ్బతింటుంది. ‘నా ఇంట్లో బాగానే నడిచింది’ అని అమ్మినవాడు అంటే కాదనలేం. నిలబెట్టే తేవాలి. తప్పనిసరై పడుకోబెడితే కనీసం అంతసేపు, వీలైతే ఒక రోజు, నిలబెట్టి ఉంచి ఆన్ చేయాలి. ఏసీకి విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. బయటి యూనిట్ రేకులు వేలు తగిలితే పొడిగా రాలుతుంటే, గొట్టాల కీళ్ల దగ్గర పచ్చని పాచిలా పట్టి ఉంటే, గ్యాస్ నిలవకపోవచ్చు. అతని ఇంట్లోనే అరగంట నడిపి చూడాలి.

బజానా ఇచ్చినా చిన్న కాగితం ఉండాలి: వస్తువు, సీరియల్ నంబరు, ధర, ఎన్ని రోజుల్లో ఏ లోపం కనిపిస్తే ఎంత తిరిగివ్వాలి, మోతకూలి ఎవరిది. లోపం కనిపించిన రోజే ‘ఒప్పుకోవడం లేదు’ అని వాట్సాప్‌లో రాయాలి. ఏమీ అనకుండా వాడుకుంటూ కూర్చుంటే కొన్నాళ్లకు అంగీకరించినట్టే లెక్క అని 1930 చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. వ్యాపారి మీద ఫిర్యాదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సంస్థ ఎక్కడున్నా విశాఖలో నివసించేవారు ఇక్కడే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.