హంపికి బయలుదేరే ముందు మనవలకు ఒక ఉత్తరం

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. సంక్రాంతి సెలవులకు మీరు వచ్చిన మూడో రోజున హంపికి వెళ్ళాలని మీ జేజి, నేను నిశ్చయించుకున్నాము. గుంతకల్లు, బళ్ళారి మీదుగా హొసపేట దాకా రైలులో వెళితే, అక్కడి నుంచి హంపి సుమారు 13 కిలోమీటర్లు. నేను చిన్న వయసులో మొదటిసారి వెళ్ళినప్పుడు ముందుగా ఏదీ చెప్పేవారు లేక, గుండ్లనూ కూలిన మండపాలనూ చూసి సాయంత్రానికి ఇల్లు చేరాను. ఏమి చూశావని మా అమ్మ అడిగితే చెప్పడానికి నోట మాట రాలేదు. మీకు అలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. తుంగభద్రకు పూర్వం పంప అనే పేరు ఉండేది. పాత కన్నడంలోని పకారం చాలా మాటల్లో హకారంగా మారింది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి అయినట్లే, పంప కూడా హంపె అయింది. పంప అనే కన్య శివుని కోసం తపస్సు చేసి ఆయనను భర్తగా పొందిందని స్థలపురాణం చెబుతుంది. అందువల్లనే అక్కడి విరూపాక్షస్వామిని పంపాపతి అని కూడా పిలుస్తారు. చుట్టూ నగరం పాడుబడినా ఆ గుడిలో నేటికీ పూజ జరుగుతున్నది.

ఇక రామాయణం. నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొంది ప్రాంతమే కిష్కింధ అని అక్కడివారి విశ్వాసం. వాలి దుందుభి అనే రాక్షసుణ్ణి చంపి, ఆ కళేబరాన్ని దూరంగా విసిరివేయగా నెత్తుటి చుక్కలు మతంగ మహర్షి ఆశ్రమంలో పడ్డాయి. ఈ కొండ మీద కాలు పెడితే చస్తావని మహర్షి వాలిని శపించాడు. అన్నకు భయపడి పారిపోయిన సుగ్రీవుడికి ఆ శాపమే రక్ష అయింది. రావణుడు ఎత్తుకుపోతుండగా సీతమ్మ మూటగట్టి జారవిడిచిన నగలు సుగ్రీవుడి చేతికి చిక్కింది అక్కడే. నది ఒడ్డున సుగ్రీవుడి గుహ అని ఒకదాన్ని చూపి, దగ్గర బండ మీది చారను సీతమ్మ కొంగు గుర్తు అని చెబుతారు. రాముడు వానాకాలమంతా వేచి ఉన్నాడని చెప్పే మాల్యవంతం మీద పెద్ద గుండును అలాగే ఉంచి, దానిని కలుపుకొని గుడి కట్టారు.

విజయనగర రాజులు ఈ కథను ఎరిగే నగరం కట్టారని నా నమ్మకం. 15వ శతాబ్దపు తొలినాళ్ళలో కట్టిన హజార రామాలయం రాజప్రాంగణం నడుమ ఉంది. దాని గోడల మీద రామకథ వరుసలు వరుసలుగా చెక్కి ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా గీత గీస్తే అది మాతంగ పర్వతం వైపే పోతుంది. ఆ గోడల దగ్గర మనం తొందరపడకుండా, మీకు తెలిసిన ఘట్టాలను ఒక్కొక్కటిగా వెతుకుదాము.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం పెద్ద గుడి కాదు, నింబాపురం దగ్గర ఉన్న ఒక బూడిద దిబ్బ. అది వాలి చితాభస్మమని ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పురావస్తు శాస్త్రజ్ఞులు ఇటువంటి దిబ్బలను పరిశీలించి, వేల ఏళ్ళ క్రితం రాతి పనిముట్లతో బతికిన పశుపాలకులు తమ మందల దొడ్లలో పోగైన పేడను కాల్చగా మిగిలిన బూడిద ఇది అని తేల్చారు. మన జిల్లాలోని పాలవాయిలో కూడా అటువంటి దిబ్బను తవ్వి చూశారు. అయితే ఊరివారి మాట అబద్ధమా అని మీరు అడుగుతారు. అది మామూలు మట్టి కాదు, ఏదో పెద్ద మంట మిగిల్చిన బూడిద అని వారు ఏ శాస్త్రమూ చదవకుండానే గుర్తించారు; ఆ మంట ఎవరిదన్న ప్రశ్నకు తమకు తెలిసిన కథతో జవాబు చెప్పుకున్నారు. కథను కథగా వినండి, బూడిదను బూడిదగా చూడండి.

కొన్నిచోట్ల పేరునే రాయి సరిదిద్దుతుంది. 1528లో కృష్ణదేవరాయలు ప్రతిష్ఠించిన ఏకశిలా నరసింహ విగ్రహం ఎత్తు దాదాపు 6.7 మీటర్లు. కోరలూ పెద్ద కళ్ళూ చూసి జనం ఉగ్రనరసింహుడంటారు. కానీ ఆయన ఒడిలో ఒకప్పుడు లక్ష్మీదేవి ఉండేది. విధ్వంసంలో ఆ విగ్రహం పోయింది, స్వామి వీపును చుట్టిన ఆమె చెయ్యి మాత్రం మిగిలింది. మీరు వెనుకకు వెళ్ళి ఆ చెయ్యి చూడాలి. దాన్ని చూసినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

యాభై రూపాయల నోటు మీద ఉన్న రాతిరథం విఠలాలయంలో ఉంది. అది ఏకశిల కాదు, అతుకులు కనబడకుండా రాళ్ళను పేర్చి కట్టిన గరుత్మంతుడి గుడి. అక్కడి సంగీత స్తంభాలను తట్టకూడదు. విరూపాక్షాలయంలో ఒక చీకటి గదిలో, చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురు వల్ల గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుతుంది. కారణమేమిటో మీలో పెద్దవాడు చెల్లెలికి వివరించాలి.

1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఈ నగరాన్ని రోము అంత పెద్దదని రాశాడు. 1565 జనవరిలో దక్కను సుల్తానుల సేనల చేతిలో అళియ రామరాయలు యుద్ధభూమిలో మరణించగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు నగరాన్ని విడిచి వచ్చాడు. ఎక్కడికి వచ్చాడో తెలుసా? మన పెనుకొండకు. హంపి నుంచి తిరిగివచ్చిన మరునాడు అక్కడి గగనమహలుకు కూడా తీసుకుపోతాను.

చెప్పులు గట్టివి తెచ్చుకోండి. గుండ్ల మీద ఎక్కి దిగవలసి ఉంటుంది. దారికి చిత్రాన్నం కట్టిస్తానని మీ జేజి చెప్పమన్నది.

ఇట్లు,
మీ తాత