బూట్లు లేకే బ్రెజిల్ వెళ్లలేదా? భారత ఫుట్‌బాల్ జట్టుపై అపోహలు - వాస్తవాలు

పేపర్‌లో స్పోర్ట్స్ డెస్క్ ఉద్యోగం నాది. నాలుగేళ్లకోసారి ప్రపంచకప్ వస్తుంది. దాని వెనకే ఓ బాక్స్ ఐటమ్ తయారవుతుంది: ‘బూట్లు లేక ప్రపంచకప్ చేజార్చుకున్న భారత్’. ఈసారి వద్దంటే, "పాఠకులకు ఇష్టం సార్" అంటారు కొత్తగా చేరిన పిల్లలు. ఇష్టమే, ఒప్పుకుంటాను. దాంతోపాటు మన జట్టు చరిత్ర మీద ఇంకో అరడజను కట్టుకథలు కూడా చలామణీలో ఉన్నాయి. ఫుట్‌బాల్ పేజీ చూసేవాడిగా రోజూ వాటితో కుస్తీ పడుతుంటాను కాబట్టి ఓసారి రాసి పెడుతున్నా.

అపోహ: 1950 ప్రపంచకప్‌కు భారత్ అర్హత సాధించింది. వట్టికాళ్లతో ఆడతామంటే ఫిఫా రానివ్వలేదు.

ముందు ఆ ‘అర్హత’ సంగతి చూద్దాం. మన క్వాలిఫయింగ్ గ్రూపులో బర్మా, ఇండొనేసియా, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. మూడూ తప్పుకున్నాయి. బంతిని తన్నకుండానే మనకు బ్రెజిల్ టికెట్ దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి మూడో గ్రూపులో వేశారు కూడా. అప్పుడు మన ఫుట్‌బాల్ సమాఖ్య రాలేమని చెప్పేసింది. అధికారికంగా చెప్పిన కారణాలు రెండు: జట్టు ఎంపికపై విభేదాలు, ప్రాక్టీసుకు సమయం చాలకపోవడం. బూట్ల ఊసే లేదు.

పోనీ డబ్బా? ప్రయాణ ఖర్చులో పెద్ద భాగం భరించడానికి బ్రెజిల్ నిర్వాహకులు సిద్ధపడ్డారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో మనవాళ్లకు ప్రపంచకప్ అంత పెద్ద విషయంగా కనపడలేదు. ఒలింపిక్స్ ముఖ్యం. వెళ్లి ఉంటే కెప్టెన్ అయ్యేవాడని చెప్పుకునే శైలేన్ మన్నా తర్వాతి రోజుల్లో ఇదే చెప్పారు: అప్పుడు తమకు ఒలింపిక్సే సర్వస్వమని, ప్రపంచకప్ గురించి పెద్దగా తెలియదని.

బూట్ల వాదన నిలవదని తేల్చడానికి తేదీలు చాలు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లోనూ కొందరు అలాగే దిగారు. 1948లో అభ్యంతరం లేదు, 1952లో లేదు, మధ్యలో ఒక్క 1950లోనే వచ్చిందంటే నమ్మేదెలా? జట్టు వెళ్లకపోవడానికి కారణం ఆఫీసు గదుల్లో తీసుకున్న నిర్ణయం. దాన్ని మోయాల్సింది ఆటగాళ్ల పాదాలు కాదు. ఈ కథ మీద నాకున్న కోపమల్లా అదే.

ఇంకొకటి, ఆ ఏడాది వెళ్లనిది మనమొక్కరమే అనుకోవద్దు. స్కాట్లాండ్, టర్కీ, ఫ్రాన్స్ కూడా రాలేదు. పదహారు జట్లతో జరగాల్సిన టోర్నీ పదమూడింటితో నడిచింది. నాలుగో గ్రూపులో మిగిలినవి రెండే జట్లు, ఉరుగ్వే, బొలీవియా. 8-0తో ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ఉరుగ్వే తర్వాతి దశకు వెళ్లింది, చివరికి కప్పు కూడా కొట్టింది.

అపోహ: బూట్లు కొనుక్కునే స్థోమత లేక వట్టికాళ్లతో ఆడారు.

అది వాళ్ల అలవాటు. పొడి నేల మీద పాదానికీ బంతికీ మధ్య తోలు అడ్డం లేకపోతే అదుపు బాగుంటుందని నమ్మి, చిన్నప్పటి నుంచీ అలాగే ఆడినవాళ్లు. లండన్‌లో ఒకే జట్టులో బూట్లు వేసుకున్నవాళ్లూ ఉన్నారు, వేసుకోనివాళ్లూ ఉన్నారు.

ఆ మ్యాచ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1948 జులై 31, ఇల్‌ఫర్డ్‌లోని క్రికిల్‌ఫీల్డ్ మైదానం, ప్రత్యర్థి ఫ్రాన్స్. కెప్టెన్ నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవో, చదువుకు డాక్టర్. 30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ కొట్టింది. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. మనకు రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోయాయి. 89వ నిమిషంలో ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. స్వతంత్ర దేశంగా మనం ఆడిన తొలి పెద్ద మ్యాచ్ ఇది.

ఈ స్కోరును నేను చదివే పద్ధతి వేరు. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 90 నిమిషాలు కావు, 70 నిమిషాలే. 70వ నిమిషంలో మనం సమం చేశాం. ఇంటి దగ్గరైతే ఆట అక్కడితో అయిపోయేది. మిగిలిన ఇరవై నిమిషాలు మన ఆటగాళ్ల ఒంటికి అలవాటు లేనివి. ఒక్క మ్యాచ్‌ను పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదని తెలుసు. అయినా ఏళ్ల తరబడి 70 నిమిషాల ఆటతో లీగులు నడిపిన వ్యవస్థ, 90 నిమిషాల ప్రపంచంలోకి జట్టును పంపిందన్నది మాత్రం నిజం. బూట్ల గురించి ఇంత రాసేవాళ్లు దీని గురించి ఒక్క వాక్యం రాయరు!

హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. సమస్య తీరిందా? 1955లో మాస్కోలో సోవియట్ యూనియన్ మనల్ని 11-1తో ఓడించింది. అప్పటికి బూట్లు వచ్చేశాయి. మన జట్టు రికార్డుల్లో ఇప్పటికీ అతిపెద్ద ఓటమి అదే.

అపోహ: మన జాతీయ జట్టు చరిత్ర 1948తో మొదలైంది.

ఫిఫా సభ్యత్వం ఆ ఏడాదిది. సమాఖ్య పుట్టింది 1937లో. మరుసటి ఏడాదే జట్టు ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి జాతీయ జట్టుతో ఐదు మ్యాచ్‌లు ఆడింది, ఒకటి గెలిచింది కూడా. ఇక 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి కలకత్తాలో జరిగే ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ గెలిచింది మోహన్ బగాన్. అది క్లబ్బు, జాతీయ జట్టు కాదు. ఈ రెంటినీ కలిపేసిన కాపీలు నెలకొకటైనా నా టేబుల్ మీదికొస్తాయి.

అపోహ: 1956లో మనం ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉన్నాం.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం మాట నిజం. ఆ టోర్నీలో ఆడింది పదకొండు జట్లు. మొదటి రౌండులో మన ప్రత్యర్థి హంగరీ రాలేదు, వాకోవర్ దొరికింది. తర్వాత ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో కొట్టాం. సెమీస్‌లో యుగోస్లావియాపై ముందు గోల్ మనదే, చివరికి 1-4తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. అంటే గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్.

అలాగని తీసిపారేయడానికి లేదు. ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అది. టోర్నీలో అత్యధిక గోల్స్ చేసినవాళ్లలోనూ అతనున్నాడు. కొద్దిరోజులకే సిడ్నీలో మళ్లీ ఆస్ట్రేలియాతో ఆడి 7-1తో గెలిచాం. గాలివాటు గెలుపైతే రెండోసారి ఏడు గోల్స్ పడవు కదా.

అపోహ: 1950 నుంచి 1964 దాకా ఆసియాలో మనకు ఎదురే లేదు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాం. ఫైనల్లో ఇరాన్‌పై 1-0, గోల్ సాహూ మేవాలాల్‌ది. ఆడినవి ఆరు జట్లే. 1954 మనీలాలో పతకం దరిదాపులకు కూడా పోలేదు. 1958 టోక్యోలో నాలుగో స్థానం. 1964 ఆసియా కప్‌లో రన్నరప్ అని గొప్పగా రాస్తాం గానీ, ఇజ్రాయెల్‌లో జరిగిన ఆ ఫైనల్ టోర్నీలో ఆడింది నాలుగు జట్లు. అక్కడికి చేరడానికీ మనం ఎవరినీ ఓడించాల్సిన అవసరం రాలేదు, క్వాలిఫయింగ్‌లో మిగతా జట్లు తప్పుకున్నాయి. అక్కడ మాత్రం దక్షిణ కొరియాను, హాంకాంగ్‌ను ఓడించాం.

ఈ వరసలో మరకలేని గెలుపు ఏదంటే 1962 జకార్తానే అంటాను. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0తో గెలిచి సెమీస్‌కు వెళ్లాం. జర్నైల్‌ను ఏం చేయాలి? కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, డిఫెన్స్‌లోనూ పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు! సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా.

స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధీ తప్పుపట్టారని ఇండొనేసియాలో జనం మండిపడుతున్నారు. మన జాతీయగీతానికి కూడా అరుపులే. ఆ గోలలోనే 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో కుట్లు పడ్డ తలతో జర్నైల్ గోల్స్ కొట్టారు. 2-1తో స్వర్ణం. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం లేదు.

అపోహ: భారత ఫుట్‌బాల్ అంటే బెంగాల్, గోవా, కేరళ. మన తెలుగు నేలకు దాంతో పనేంటి?

ఇది వింటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. పైన చెప్పిన రహీం హైదరాబాదీ, బడి పంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాద్‌దే. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టు పట్టికలో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్, బలరాం లాంటి హైదరాబాదీల పేర్లు వరసగా కనపడతాయి. జకార్తాలో గెలిచిన జట్టులోనూ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ఉన్నారు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై ఒక గోల్, పెరూపై ఒక గోల్ కొట్టాడు. ఆ టోర్నీలో మనం కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అతనివే. మూడోది ఫ్రాన్స్‌పై పీకే బెనర్జీది, ఆ మ్యాచ్ 1-1తో డ్రా అయింది. ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టు మళ్లీ అడుగుపెట్టలేదు. పీకే, చునీ గోస్వామి, బలరాం ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మన పేజీల్లో దొరికిన జాగా ఎంతో నాకు తెలుసు, అందుకే ఈ పేరా కాస్త పెద్దదైంది.

1970 బ్యాంకాక్‌లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా ఇక్కడివాడే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన చివరి పతకం అది. మన జట్టుకు అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రి కూడా సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. కాకపోతే అతన్ని మన ఖాతాలో వేసుకోవడం మరీ అత్యాశ. నాన్నది ఆర్మీ ఉద్యోగం, ఆట మీద పట్టు దొరికింది ఢిల్లీలో.

అపోహ: 1983లో కపిల్ సేన కప్పు కొట్టాక క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసింది.

క్రికెట్‌ను తిట్టడం సులువు. తేదీలు మాత్రం ఒప్పుకోవు. చివరి ఒలింపిక్స్ 1960, చివరి ఆసియా క్రీడల పతకం 1970. 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడాం. లార్డ్స్ బాల్కనీలో కపిల్ కప్పు ఎత్తేనాటికి మన జట్టు కిందపడి పదేళ్లు దాటింది.

జపాన్‌ను మన పక్కన నిలబెట్టి చూడండి. 1962లో మన చేతిలో 0-2తో ఓడిన జట్టది. 1960లోనే జర్మన్ కోచ్ డెట్మార్ క్రామర్‌ను పిలిపించుకుంది. 1965లో దేశమంతటికీ ఒక లీగ్ పెట్టింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 1993లో ప్రొఫెషనల్ లీగ్ వచ్చింది. మన జాతీయ లీగ్ మొదలైంది 1996లో. అంతవరకు కలకత్తా లీగ్, డ్యూరాండ్, రోవర్స్, సంతోష్ ట్రోఫీ అంటూ ఎవరి టోర్నీ వాళ్లదే. ప్రపంచకప్ క్వాలిఫయర్లలో మనం మొదటిసారి బరిలోకి దిగిందే 1986 టోర్నీ కోసం. ఈ ఆలస్యానికి క్రికెట్ బోర్డును ఎలా నిందిస్తాం?

ఇదే లెక్కతో ‘మనవాళ్ల ఒడ్డూ పొడుగూ చాలదు’ అన్న వాదన కూడా పోతుంది. జపాన్‌వాళ్లు మనకన్నా ఆజానుబాహులేం కాదు.

అపోహ: ఛెత్రి గోల్స్ లెక్కలో మెస్సీ పక్కన ఉన్నాడంటే, మన జట్టూ ఆ స్థాయిదే.

2024 జూన్‌లో మొదటిసారి రిటైరయ్యేనాటికి 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్. అంకె నూటికి నూరుపాళ్లు నిజం. గోల్స్‌లో ఎక్కువ భాగం దక్షిణాసియా టోర్నీల్లో, స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో, చిన్న జట్ల మీద వచ్చాయన్నదీ నిజమే. ఆసియా కప్ ఫైనల్ టోర్నీల్లో అతనివి నాలుగు గోల్స్: 2011లో రెండు, 2019లో రెండు. జట్టు ర్యాంకు చూస్తే 1996 ఫిబ్రవరిలో 94 దాకా ఎక్కి, 2015 మార్చిలో 173కి పడింది. ర్యాంకు 173కి పడిన ఆ రోజుల్లోనూ గోల్స్ కొడుతున్నది ఛెత్రే. అతని అంకెను జట్టుకు అంటించడం అతనికీ అన్యాయమే.

అపోహ: భారత జట్టు ఏ ఫిఫా ప్రపంచకప్‌లోనూ ఆడలేదు.

సీనియర్ పురుషుల వరకు అంతే. 2017లో అండర్-17 ప్రపంచకప్ మన దగ్గరే జరిగింది. ఢిల్లీలో కొలంబియాపై జీక్సన్ సింగ్ హెడర్‌తో గోల్ కొట్టాడు. ఫిఫా ప్రపంచకప్‌లో భారత్ తొలి గోల్ అది. ఆ వెంటనే కొలంబియా ఇంకో గోల్ కొట్టి 2-1తో గెలిచిందనుకోండి. 2022లో అమ్మాయిల అండర్-17 ప్రపంచకప్‌కూ మనమే ఆతిథ్యమిచ్చాం, మూడు మ్యాచ్‌లూ ఓడాం. రెండుసార్లూ ఆతిథ్య జట్టు హోదాలోనే చోటు దొరికింది.

అన్నట్టు, జాతీయ జట్టు అనగానే పురుషుల జట్టే గుర్తొస్తుంది అందరికీ. మహిళల జట్టు 1979లో, 1983లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో రన్నరప్‌గా నిలిచింది. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను దాని సొంతగడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు చేరింది. ఎవరూ తప్పుకోలేదు, వాకోవర్ లేదు. ఆడి గెలిచి సంపాదించుకున్న అర్హత.