‘గెట్’ అంటే ‘పొందు’ మాత్రమేనా? ఒక చిన్న ఇంగ్లీషు క్రియ: అపోహలు, వాస్తవాలు

తెలుగు మాతృభాషగా గల పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం, ఇంగ్లీషు పత్రాలను తెలుగు చేయడం నా వృత్తి. ఈ రెండు పనుల్లోనూ నా కలాన్ని తరచుగా ఆపేసే మాట పొడవాటి లాటిన్ పదమేదో కాదు, ‘గెట్’. పొడవాటి పదానికి ఒకటో రెండో అర్థాలుంటాయి, నిఘంటువు తెరిచి చూసుకుంటే సరిపోతుంది. ‘గెట్’ కోసం పుటలకు పుటలు తిరగేసినా, చేతిలో ఉన్న వాక్యం తెలుగులోకి వస్తుందన్న భరోసా ఉండదు. ఈ మాట గురించి తరగతిలో మళ్లీ మళ్లీ వినిపించే అభిప్రాయాలను, వాటి మీద నా సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ‘గెట్’ అంటే ‘పొందు’.

వాస్తవం: బడిలో మనలో చాలామంది ఈ అర్థాన్నే వల్లె వేశాం. ‘గెట్’కు ఉన్న అర్థాల్లో అదీ ఒకటే కానీ, ‘పొందు’ అనేది తెలుగువాళ్లు మాట్లాడేటప్పుడు అంత తేలిగ్గా నోటికి వచ్చే మాట కాదు. ఉత్తరం అందితే మనం ‘నేను ఉత్తరం పొందాను’ అనం, ‘నాకు ఉత్తరం వచ్చింది’ అంటాం. ఇదే సంగతిని ఇంగ్లీషులో ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటారు. రెండు భాషల చూపులో ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు మనిషిని కర్తగా నిలబెట్టి వస్తువును అతని చేతిలో పెడుతుంది. తెలుగు వస్తువునే కర్తను చేసి, దాన్ని మనిషి దగ్గరకు నడిపిస్తుంది. జ్వరం, కోపం, అనుమానం, ఆలోచన, జీతం తెలుగులో మనకు వస్తాయి. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి ‘గెట్’ కావాలి. అందుకే ‘గెట్’కు ఒకే ఒక్క తెలుగు మాట చెప్పమని ఎవరైనా పట్టుబడితే, ‘పొందు’ కంటే ముందు ‘వచ్చు’ అని చెబుతాను, అది కూడా సగం దూరమే తీసుకెళుతుందని వెంటనే హెచ్చరిస్తాను.

మిగతా సగం ‘గెట్’ తర్వాత వచ్చే మాటలో ఉంటుంది. నామవాచకం వస్తే అందడం, దొరకడం, తెచ్చుకోవడం వంటి అర్థాలు వస్తాయి. విశేషణం వస్తే స్థితి మారిందని అర్థం: ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. చోటును చెప్పే మాట వస్తే చేరడం: ‘వుయ్ గాట్ హోమ్ లేట్’ అంటే ఇంటికి ఆలస్యంగా చేరాం. ‘టు’తో మరో క్రియ వస్తే వీలు దొరకడమో, క్రమంగా ఒక దశకు రావడమో అవుతుంది: ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలిసే అవకాశం దొరికింది, ‘ఐ గాట్ టు నో హర్’ అంటే ఆమెతో పరిచయం ఏర్పడింది. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ అర్థాలన్నిటి వెనుకా ఒకే సంగతి ఉంది. నిన్న లేనిది ఇవాళ ఉంది, అక్కడ ఉన్నవాడు ఇక్కడికి వచ్చాడు, పొడిగా ఉన్నది తడిసింది. అంటే ఒక గడప దాటడం జరిగింది. ‘ఐ యామ్ టయర్డ్’ అంటే అలసటగా ఉంది, ‘ఐ గాట్ టయర్డ్’ అంటే అలసిపోయాను. ఈ రెండో వాక్యంలో ‘గెట్’ చేసే పనిని తెలుగులో క్రియ చివర చేరే ‘పో’ చేస్తోంది. తడిసిపోయాను, తప్పిపోయాను, అలవాటు పడిపోయాను అన్న మాటలను ఇంగ్లీషులోకి మార్చి చూడండి, ప్రతిసారీ ‘గాట్’ పలుకుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒక గుంట మిగిలే ఉంటుంది. ‘అర్థమైంది’ అనడానికి ‘ఐ గాట్ అండర్‌స్టుడ్’ అని, ‘తెలిసింది’ అనడానికి ‘ఐ గాట్ నోన్’ అని రాసేవాళ్లను ప్రతి తరగతిలోనూ చూస్తాను. తెలుగులో ‘అర్థం’ పక్కన ‘అయింది’ ఉంది కాబట్టి ఇంగ్లీషులోనూ రెండు ముక్కలు ఉండాలని చెవి కోరుకుంటుంది. ‘ఐ గాట్ ఇట్’ అంటే చాలు. విషయం చేతికి చిక్కిందని అర్థం.

అపోహ: ‘గెట్’ సోమరి మాట, మంచి ఇంగ్లీషు రాసేవాళ్లు దాన్ని వాడరు.

వాస్తవం: వ్యాసంలో ‘గెట్’ కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ‘రిసీవ్’ అనో ‘ఆబ్టెయిన్’ అనో రాసే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, విద్యార్థి పదసంపద పెరగాలని. అయితే ఈ శిక్షణ ఎలాంటి ఫలితాలిస్తుందో నాకు ఒక సెలవు చీటీలో కనిపించింది: ‘ఐ హావ్ ఆబ్టెయిన్డ్ ఫీవర్’. ‘ఆబ్టెయిన్’లో ప్రయత్నించి సంపాదించుకోవడం ఉంది, చీటీ చదివితే ఆయన జ్వరం కోసం దరఖాస్తు పెట్టి, వెంటబడి సాధించుకున్నట్టు ఉంది. ‘రిసీవ్’, ‘ఆబ్టెయిన్’, ‘బికమ్’, ‘అరైవ్’ ఒక్కొక్కటీ ‘గెట్’ పరిధిలో ఒక మూలనే కప్పుతాయి, ఒకదాని చోట మరొకటి నిలబడదు.

ఒప్పందాల్లో, చట్టపరమైన పత్రాల్లో ‘గెట్’ అరుదుగా కనిపించే మాట నిజమే. దానికి కారణం ఆ మాట హీనమైనదని కాదు. ‘అద్దెకుండే వ్యక్తి తాళంచెవి గెట్ చేయాలి’ అని రాస్తే, తాళంచెవి అతనికి అందాలా, అతనే వెళ్లి తెచ్చుకోవాలా అన్నది తేలదు. తగవుకు చోటివ్వకూడని పత్రంలో పలు అర్థాల మాట పనికిరాదు. మిత్రునికి రాసే ఉత్తరంలో ఆ భయం లేదు, అక్కడ ‘గెట్’ను తప్పించడానికి పడే అవస్థే వాక్యాన్ని బిగుసుకుపోయేట్టు చేస్తుంది.

అపోహ: ఇంత చిన్న మాట కాబట్టి, ఇది ఇంగ్లీషు గడ్డ మీదే పుట్టిన అచ్చ ఇంగ్లీషు మాట అయి ఉండాలి.

వాస్తవం: ఇది అరువు మాట. స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చి, తర్వాత ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడిన వైకింగుల భాష ఓల్డ్ నార్స్. అందులోని ‘గెటా’ అనే క్రియ నుంచి ‘గెట్’ ఇంగ్లీషులోకి వచ్చింది. సాధారణంగా ఒక భాష మరో భాష నుంచి వస్తువుల పేర్లు తెచ్చుకుంటుంది. ఇంగ్లీషు మాత్రం ఈ పొరుగువాళ్ల నుంచి ‘దే’, ‘దెమ్’ వంటి సర్వనామాలను, ‘టేక్’, ‘గెట్’ వంటి నిత్యావసర క్రియలను కూడా తీసుకుంది. ఇరువర్గాలూ ఇరుగుపొరుగున కాపురాలు చేస్తేనే ఇంత లోపలి మాటలు చేతులు మారతాయి.

అంతకుముందు ఇంగ్లీషులో ఈ ధాతువు అసలే లేదని కాదు. విడిగా కాక, ఉపసర్గలతో కలిసి ఉండేది. ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ ఆ పాత కుటుంబానివే. నాకు ఈ కుటుంబంలో అన్నిటికంటే నచ్చేది ‘ఫర్‌గెట్’. ధాతువుకు పట్టుకోవడం అని అర్థం, ముందున్న ‘ఫర్’ ఆ పట్టు పోయిందని చెబుతుంది. అంటే మరచిపోవడమంటే మనసు పట్టు జారడం. లాటిన్‌లో పట్టుకోవడాన్ని చెప్పే ‘ప్రెహెండెరె’ కూడా ఇదే ఆది ధాతువుకు చెందింది. ‘కాంప్రెహెండ్’, ‘అప్రెహెండ్’, ‘ప్రిజన్’ ఆ కొమ్మకు పుట్టినవి. ఆ లెక్కన ‘గెట్’, ‘ప్రిజన్’ దూరపు చుట్టాలు.

ఇది అరువు మాటేనని పట్టించేది దాని మొదటి అక్షరం. పాత ఇంగ్లీషులో ఇ, ఎ వంటి అచ్చుల ముందు ‘గ’కారం మెత్తబడి ‘య’కారమైంది. జర్మన్‌లో ‘గెల్బ్’ అనే పసుపు రంగు ఇంగ్లీషులో ‘యెల్లో’ అయింది, ‘గెస్టెర్న్’ అనే నిన్న ‘యెస్టర్‌డే’ అయింది. ఆ దారిలోనే వచ్చి ఉంటే మన క్రియ ఇవాళ ‘యెట్’ అయ్యేది. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ రాతల్లో ‘ఫర్‌గెట్’ నిజంగానే ‘య’కారంతో కనిపిస్తుంది. తర్వాత నార్స్ వారి గట్టి ‘గ’కారమే గెలిచింది; ‘గివ్’ విషయంలో జరిగిందీ ఇదే.

అపోహ: ‘గాటెన్’ అమెరికన్లు పాడు చేసిన రూపం, అసలైనది ‘గాట్’.

వాస్తవం: చరిత్ర ఇందుకు సరిగ్గా తలకిందులుగా ఉంది. 1611లో ఇంగ్లండులో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో, ఆదికాండము నాలుగో అధ్యాయం మొదటి వచనంలో, తొలి బిడ్డను కన్న హవ్వ ‘ఐ హావ్ గాటెన్ ఎ మ్యాన్ ఫ్రమ్ ద లార్డ్’ అంటుంది. అట్లాంటిక్ దాటి వెళ్లినవాళ్లు ఈ రూపాన్ని వెంట తీసుకెళ్లి నిలుపుకున్నారు. ఇంటిదగ్గర ఉన్నవాళ్లే క్రమంగా వదిలేసుకున్నారు. వదిలేసినవాళ్లు కూడా ‘ఫర్‌గాటెన్’ను వదల్లేదు, అక్రమార్జనను చెప్పే ‘ఇల్ గాటెన్’నూ వదల్లేదు.

పైగా అమెరికన్ వాడుకలో ఈ రెండు రూపాలూ రెండు పనులు చేస్తాయి. ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నా దగ్గర కారు ఉంది. ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను. ‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే వెళ్లక తప్పదు. ‘ఐ హావ్ గాటెన్ టు గో’ అంటే వెళ్లే అవకాశం దక్కింది. బ్రిటిష్ ఇంగ్లీషు సందర్భాన్ని బట్టి ఊహించమనే తేడాను ఇక్కడ ఒక ప్రత్యయం మోస్తోంది. నా విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకే పత్రంలో రెండూ కలపకండి.

అపోహ: ‘హావ్ గాట్’లో ‘గాట్’ దండగ.

వాస్తవం: ‘సంపాదించి ఉన్నాను’ అన్నది అరిగి అరిగి ‘ఉంది’గా మిగిలింది. సంపాదించినవాడి దగ్గర వస్తువు ఉంటుంది కదా, అర్థం అలా జారింది. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ అర్థాన్ని నమోదు చేసింది. అయితే ఇది వర్తమానానికే సరిగ్గా అమరుతుంది. నా దగ్గర రేపు డబ్బు ఉంటుందని చెప్పాలంటే ‘ఐ విల్ హావ్’ అనాలి, అక్కడ ‘గాట్’ కుదరదు.

అపోహ: కర్మణి వాక్యంలో ‘బి’ క్రియ చోట ‘గెట్’ పెట్టడం తప్పు.

వాస్తవం: ‘హి గాట్ స్కోల్డెడ్’ తప్పు కాదు, మాటల్లోనూ మామూలు రాతలోనూ చక్కగా చెల్లుతుంది. జరిగిన ఘటన మీద, అది మనిషికి తగిలిన తీరు మీద దృష్టి ఉన్నప్పుడు ఈ రూపం వస్తుంది. దీన్ని ‘అతను తిట్టబడ్డాడు’ అని అనువదించినవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగులో అతను తిట్లు తిన్నాడు, లేదా చీవాట్లు పడ్డాడు. ఈ రూపం చెడు సంగతులకే పరిమితమని కూడా కొందరు చెబుతారు. చెడు ఎక్కువగా కనిపించే మాట నిజమే కానీ ‘గాట్ ప్రమోటెడ్’, ‘గాట్ సెలెక్టెడ్’ కూడా ఇవే. ఎలాంటి మార్పునూ చెప్పని క్రియలతో మాత్రం ఇది పొసగదు.

అపోహ: ఇంగ్లీషులో అత్యధిక అర్థాలున్న మాట ఇదే.

వాస్తవం: కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ ముందుండేది. 2011లో సవరించిన ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలాయి. అర్థాన్ని ఎక్కడ చీల్చాలన్నది సంపాదకుల నిర్ణయం కాబట్టి ఈ పందేన్ని నేను పెద్దగా పట్టించుకోను.

అపోహ: ‘గెట్ ఓవర్’, ‘గెట్ త్రూ’ వంటి జంటలకు తర్కం లేదు, పట్టికలు పెట్టుకుని బట్టీ పట్టడమే మార్గం.

వాస్తవం: ‘గెట్’ అంటే గడప దాటడం అనుకుంటే, పక్కన చేరే చిన్న మాట ఎటువైపు దాటామో చెబుతుంది. దుఃఖం అడ్డుగోడ అయితే ‘ఓవర్’ దాని మీదుగా అవతలికి తీసుకెళుతుంది, అంటే కోలుకున్నాం. కష్టకాలం సొరంగమైతే ‘త్రూ’ అందులోంచి బయటికి తెస్తుంది, గట్టెక్కాం. మన మాట అవతలివారికి చేరితే ‘అక్రాస్’. అన్నీ ఇంత తేలిగ్గా లొంగవు. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి శిక్ష తగలకుండా బయటపడడం. దీనికి ప్రతిసారీ సరిపోయే ఒక్క తెలుగు మాట నాకు ఇంతవరకూ దొరకలేదు, సందర్భాన్ని బట్టి ‘చెల్లిపోయింది’ అనో ‘తప్పించుకున్నాడు’ అనో సరిపెట్టుకుంటున్నాను. లొంగనివి బట్టీ పట్టవలసిందే, కానీ అన్నిటినీ కాదు.

అపోహ: ‘చేయించాను’ అనడానికి ఇంగ్లీషులో ప్రత్యేక రూపమేమీ లేదు, ‘చేశాను’ అంటే సరిపోతుంది.

వాస్తవం: తెలుగులో ‘ఇంచు’ ఒక్కటే చేసే పనిని ఇంగ్లీషు కొన్ని క్రియల మధ్య పంచింది. ‘ఐ మేడ్ హిమ్ సైన్’లో ఒత్తిడి ఉంది, ‘ఐ హాడ్ హిమ్ సైన్’లో పని పురమాయించడం ఉంది, ‘ఐ గాట్ హిమ్ టు సైన్’లో నచ్చజెప్పి ఒప్పించిన శ్రమ ఉంది. మూడో వాక్యంలో మాత్రమే ‘టు’ ఉందని గమనించండి. వస్తువు విషయమైతే ముందు వస్తువు, తర్వాత జరిగిన పని రావాలి: ‘ఐ గాట్ ద ఫోన్ రిపేర్డ్’. ఈ వరుస తప్పితే అర్థం చెడిపోతుంది.

నా దగ్గర చదువుకున్న ఒకావిడ తమ కార్యాలయపు నెలవారీ నివేదికలో ‘ఐ రిపేర్డ్ ద ప్రింటర్’ అని రాశారు. బయటి మనిషిని పిలిపించి బాగు చేయించానన్నది ఆవిడ ఉద్దేశం. నివేదిక చదివిన సహోద్యోగులు ఆ వారమంతా మొరాయించిన తమ యంత్రాలను చూడమని ఆవిడ బల్ల చుట్టూ చేరారట. మరుసటి నెల ఆవిడ ఎంతో జాగ్రత్తగా ‘ఐ గాట్ ద స్కానర్ రిపేర్డ్’ అని రాశారు, ఆ సాయంత్రమే పైఅధికారి ఆవిడను పిలిచి ఖర్చు రశీదు అడిగారు.