ఊరు నగరంలో కలిసినప్పుడు ఏం పోతుంది?

గోదావరి డెల్టాలో శివారు ఊళ్లను నగరంలో కలుపుతామన్న మాట వచ్చిన ప్రతిసారీ ముందు వినిపించేది ఒకటే: మా ఊరి పేరు పోతుందని. ఆ బెంగ నిజమే. కానీ పేర్లు అంత తేలిగ్గా పోవు. కాకినాడలో ఉప్పుటేరు వంతెన దాటితే జగన్నాథపురం వస్తుంది. అది ఒకప్పుడు డచ్చివాళ్ల చేతిలో ఉన్న వేరే ఊరు, 1825లో ఇంగ్లీషువాళ్లకు దక్కింది. 1866లో కాకినాడ మున్సిపాలిటీ అయింది. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, ఓడరేవు వ్యాపారం పట్నాన్ని పెంచుతూ పోయాయి. నగరం ఎంత పెరిగినా జగన్నాథపురం జగన్నాథపురంగానే ఉంది.

అసలు పోయేది పంచాయతీ. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు పల్లె పాలననూ పట్నం పాలననూ వేరుచేశాయి. గ్రామసభ పల్లెకే ఉంది. విలీనం ఉత్తర్వు రాగానే సర్పంచ్, వార్డు మెంబర్లు, గ్రామసభ అన్నీ ఒక్కసారే రద్దవుతాయి. వీధిలైటు వెలగకపోతే నేరుగా సర్పంచ్ గారి ఇంటి అరుగు మీదకే వెళ్లి అడిగిన మనిషి, ఇక కార్పొరేషన్ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. ఉపాధి హామీ పని గ్రామాలకే కాబట్టి కూలీల జాబ్ కార్డులకు విలువ ఉండదు. ఇంటి పన్ను ఎంత పెరుగుతుందోనన్న టెన్షన్ సరేసరి. తాగునీటి పైపులు, డ్రైనేజీ మెరుగవుతాయన్న ఆశ కూడా లేకపోలేదు, అది న్యాయమైన ఆశే.

ఏలూరులో సత్రంపాడు, శనివారపుపేట, తంగెళ్లమూడి లాంటి శివారు పంచాయతీలు కలిశాక 2021 మార్చి 10న కార్పొరేషన్ పోలింగ్ జరిగింది. ఓటర్ల జాబితాపై వివాదం హైకోర్టుకెక్కడంతో లెక్కింపు జులై 25 దాకా ఆగింది. ఓటేసి నాలుగు నెలలు ఎదురుచూడాల్సి వచ్చినా, చివరికి కొత్తగా చేరినవాళ్లకూ పాతవాళ్లకూ కలిపి ఒకే కౌన్సిల్ ఏర్పడింది. నా దృష్టిలో ఐక్యత మొదలయ్యేది అక్కడే. ఒకే పెట్టెలో ఓటు పడాలి, ఒకే బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకోవాలి.

రాజమహేంద్రవరంలో ఆ అవకాశమే రాలేదు. 1852లో ఆనకట్ట పూర్తయి డెల్టా అంతటికీ నీళ్లిచ్చిన ధవళేశ్వరం ఇప్పుడు నగరాన్ని ఆనుకునే ఉంది. రెండింటి మధ్యా ఖాళీ పెద్దగా మిగల్లేదు. చుట్టుపక్కల ఊళ్ల విలీనం మాట ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. ఈలోగా 2014లో ఎన్నికైన నగర కౌన్సిల్ గడువు 2019లో తీరిపోయింది. 2021లో రాష్ట్రంలో చాలా నగరాలకు ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. కాకినాడ కూడా 2010 తర్వాత మళ్లీ కౌన్సిల్ కోసం 2017 దాకా ఆగింది. అందుకే శివారు ఊళ్లవాళ్లు విలీనం ఉత్తర్వుతో పాటే డివిజన్ల హద్దులు, ఎన్నికల తేదీ కూడా చెప్పమంటే అది మొండితనం కాదు. సర్పంచ్‌ను వదులుకోమన్నప్పుడు, తమ కార్పొరేటర్ ఎప్పుడొస్తాడో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.