మడికేరికి వెళ్లే ముందు పంచాంగం తెరవండి

రామమూర్తి నగర్, బెంగళూరు
ఉగాది వెళ్లిన మూడో రోజు

పిల్లలూ,

మీకూ, మీతో పాటు మొన్న మా ఇంటికొచ్చి ఉగాది పచ్చడి తిన్న మీ వీధి నేస్తాలకూ తాతయ్య ఆశీస్సులు.

ఆ రోజు దసరా సెలవులకు ఎక్కడికి వెళ్దామని పెద్ద చర్చ పెట్టారు. ఒకరు ఊటీ అన్నారు, ఇంకొకరు కొడైకెనాల్ అన్నారు. మీలో చిన్నది మాత్రం, "ఊరికే చలికి వణికి రావడం ఎందుకు, ఏదైనా పండగ జరిగేటప్పుడు వెళ్దాం" అంది. ఆ మాట నా మనసులో పడిపోయింది. పండగ చూసుకుని కొండ ఊరికి వెళ్లాలంటే ప్రయాణం ఎలా వేసుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను చెప్పే ఊరు మడికేరి. మనకు 260 కిలోమీటర్ల దూరం, కొడగు జిల్లాకు ముఖ్య పట్టణం.

చాలామంది ముందు సెలవులు చూసుకుంటారు, రూము బుక్ చేస్తారు, ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతోందో వెతుకుతారు. నేనూ ఒకసారి అలాగే చేశాను. మీ అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. విజయదశమి అంటే నాకు మైసూరులో ఏనుగుల ఊరేగింపు, ఆ జంబూ సవారీయే తెలుసు. అది మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రానికి అయిపోతుంది కదా, మడికేరిలో కూడా అంతేననుకుని ఆ రాత్రి తొమ్మిది గంటల బస్సుకు తిరుగు టికెట్లు తీసుకున్నాను.

సాయంత్రం ఊళ్లో తిరుగుతుంటే ఒక గుడి పక్కన ట్రాక్టరు, దాని వెనక ఇనుప చట్రం, చట్రం మీద సగమే రంగు వేసిన రాక్షసుడి తల కనిపించాయి. కింద ఒక కుర్రాడు చేత్తో కడ్డీ లాగితే సింహం నోరు తెరుచుకునేది, వదిలితే మూసుకునేది. వాడు మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటున్నాడు. మీ అమ్మ అక్కడి నుంచి కదలదు. ఎన్నింటికి బయల్దేరుతుందని అడిగాను. "రాత్రి పది దాటాలి సార్, తెల్లారేదాకా ఉంటుంది" అన్నాడు. మా బస్సేమో తొమ్మిదింటికి. కుశాలనగరం దాకా మీ అమ్మ నాతో మాట్లాడలేదు, కిటికీకి మొహం ఆనించి వెనక్కే చూస్తూ కూర్చుంది. ఆ పాపం నాదే. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అందుకే చెబుతున్నాను, ముందు పండగను తెలుసుకోండి. అది ఏ లెక్కన వస్తుంది, ఏ పూట జరుగుతుంది, ఎంతసేపు జరుగుతుంది? ఇవి తెలిస్తే బస్సు, రూము, స్వెట్టరు అన్నీ వాటి వెనకే వస్తాయి.

దసరా చంద్రుడి లెక్క. చాంద్రమానంలో 12 నెలలు కలిపితే 354 రోజులే, ఇంగ్లీషు సంవత్సరం కన్నా 11 రోజులు తక్కువ. కాబట్టి పండగ ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2న. ఇలా జరుగుతూ పోతే కొన్నాళ్లకు దసరా ఎండాకాలంలో వచ్చేస్తుంది. అలా కాకుండా రెండున్నర, మూడేళ్లకొకసారి ఒక నెలను అదనంగా కలుపుతారు, అదే అధిక మాసం. ఈ పరాభవ నామ సంవత్సరంలో, అంటే 2026లో, అధిక జ్యేష్ఠం ఉంది. అందుకే దసరా ఈసారి ఒక్కసారిగా ముందుకు దూకి అక్టోబరు మూడో వారంలో పడింది. దశమి తిథి అక్టోబరు 20 మధ్యాహ్నం మొదలై 21 మధ్యాహ్నం దాకా ఉంది. ఇలా రెండు తేదీల మీద తిథి పరుచుకున్నప్పుడు ఒకచోట ఒక రోజు, మరోచోట ఇంకో రోజు చేస్తారు. మన క్యాలెండరు చూసి టికెట్ తీసేయకూడదు. మడికేరి దసరా కమిటీ వాళ్లు ఏ రాత్రి అన్నారో అదే మనకు లెక్క.

ఇక సూర్యుడి లెక్క. మన సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14నో 15నో ఎందుకు వస్తుంది? సూర్యుడు మకరంలోకి వెళ్లే రోజు కాబట్టి. అలాగే సూర్యుడు తులలోకి వెళ్లే రోజు అక్టోబరు 17నో 18నో వస్తుంది. ఆ ఘడియలోనే కావేరి పుట్టిన చోటైన తలకావేరిలో కావేరమ్మ పొంగుతుందని కొడగు వాళ్ల నమ్మకం, దాన్ని తీర్థోద్భవం అంటారు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 365 రోజుల మీద ఇంకో 6 గంటలు పడుతుంది కదా, అందుకని ఈ ఘడియ ఏటా సుమారు ఆరు గంటలు ముందుకు జరుగుతుంది. 2024లో పొద్దున పడింది, 2025లో మధ్యాహ్నం పడింది. మరి ఈ ఏడాది? మీరే లెక్క కట్టండి. సాయంత్రం దాటాక, చీకట్లో వస్తుంది కదూ! కచ్చితమైన నిమిషాన్ని గుడి వాళ్లు ముందే ప్రకటిస్తారు.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్టోబరు 17 శనివారం తలకావేరి, ఆ తర్వాత మూడు నాలుగు రోజులకే మడికేరిలో దశమి రాత్రి. 2025లో ఈ రెండింటి మధ్యా రెండు వారాల ఎడం ఉండింది. ఒక్క ప్రయాణంలో రెండూ దొరకడం ఏటా కుదరదు. పంచాంగంలో అది కనిపించగానే మీ అమ్మమ్మను వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

తలకావేరి సముద్ర మట్టానికి 1,276 మీటర్ల ఎత్తున, బ్రహ్మగిరి కొండ మీద ఉంది. అక్కడ పెద్ద నది కనిపిస్తుందని అనుకోకండి. బ్రహ్మ కుండికె అని చిన్న చదరపు గుంట, మన ఇంటి ముందు తులసికోట పక్కన పట్టేంత. దాని ముందు స్నానానికి ఒక కొలను. సంక్రమణ ఘడియ దగ్గర పడే కొద్దీ వేలాది జనం ఆ గుంట వైపే కళ్లప్పగించి నిలబడతారు. నీటి మీద బుడగలు కనిపించగానే పూజారులు చెంబులతో ఆ నీళ్లు తీసి జనం మీద చల్లుతారు. జనం బిందెల్లో, సీసాల్లో తీర్థం పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. నేను వెళ్లిన ఏడాది పక్కనే ఒక ముసలావిడ నిలబడి ఉంది, నా అంత వయసు ఉంటుంది. కుచ్చిళ్లు వెనక్కి వచ్చేలా చీర కట్టుకుంది. కావేరి వేగంగా పారుతుంటే ఆ ఉరవడికి ఆడవాళ్ల కుచ్చిళ్లు వెనక్కి వెళ్లిపోయాయని, అప్పటి నుంచీ ఇలాగే కట్టుకుంటామని చెప్పింది. చేతిలో పిడికెడంత రాగి చెంబు. నీళ్లు పడగానే దాన్ని కొంగుతో మూసి గుండెకు ఆనించుకుంది.

మీరు బెంగళూరు పిల్లలు కాబట్టి ఇంకో మాట. మన ఊరి కుళాయిల్లోకి వచ్చే నీళ్లు ఆ కావేరివే. తొరెకాడనహళ్లి అనే ఊరి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, 500 మీటర్లకు దగ్గరగా ఎత్తుకు పంపులతో తోడి తెస్తున్నారు. రోజూ మీరు పళ్లు తోముకునే నీళ్లు ఎక్కడ పుట్టాయో ఒకసారి వెళ్లి చూడడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

మడికేరి దసరా మహాలయ అమావాస్య మర్నాటి సాయంత్రం నాలుగు కరగాలతో మొదలవుతుంది. కరగ అంటే తల మీద మోసుకొచ్చే అమ్మవారి కలశం. కుందురుమొట్టె చౌటి మారియమ్మ, దండిన మారియమ్మ, కంచి కామాక్షమ్మ, కోటె మారియమ్మ అనే నాలుగు గుళ్ల కరగాలవి. వాటిని పంపిన కెరె చెరువు దగ్గర పూలతో అలంకరించి ఊరేగింపుగా తెస్తారు. రాజుల కాలంలో ఊరికి పెద్ద రోగం వస్తే, అది పోవాలని అమ్మవార్లకు ఈ ఉత్సవం మొదలుపెట్టారని చెబుతారు. మీరు చైత్ర పౌర్ణమికి మన బెంగళూరు కరగను చూశారు కాబట్టి కొత్తగా ఏమీ అనిపించదు. స్కూళ్లు ఉంటాయి గనక దీనికి ఈసారి వెళ్లలేం.

అసలు చూడాల్సింది దశమి రాత్రి. పది గుళ్ల నుంచి ట్రాక్టర్ల మీద కట్టిన పది మంటపాలు బయల్దేరతాయి. ఒక్కో మంటపం ఒక్కో కథ. అమ్మవారో వినాయకుడో రాముడో ఒక అసురుణ్ణి చంపే ఘట్టాన్ని కదిలే బొమ్మలతో, లైట్లతో, పొగతో, చెవులు దద్దరిల్లే సౌండుతో చూపిస్తారు. ఒక్కో కూడలిలో ఆగి కథ మొత్తం ఆడిస్తారు. ఏ మంటపం బాగుందో న్యాయనిర్ణేతలు చూసి బహుమతులు ఇస్తారు, అందుకని వీధి వీధికీ పోటీ. మీ అమ్మకు ఇంటర్ అయ్యాక మళ్లీ తీసుకెళ్లి తెల్లారేదాకా చూపించాను. రెండు గంటలప్పుడు తుంపర మొదలైంది, మంచు దిగింది. ఆ మంచులో ఎర్ర లైటు పడి రాక్షసుడి తల గాల్లో తేలుతున్నట్టు కనిపించింది. కథ అయిపోగానే చట్రం కిందనుంచి ఐదారుగురు కుర్రాళ్లు బయటికొచ్చారు, మొహాలంతా నూనె మరకలు. ఆ బొమ్మల్ని కదిలించింది వాళ్లే. మీరు కూడా బొమ్మల్నే కాదు, ఆ కింద ఉన్న వాళ్లనూ చూడండి.

ఊటీ అన్నవాళ్లకు కోపం రాకుండా చెబుతాను. అక్కడి పూల ప్రదర్శన 1896 నుంచీ నడుస్తోంది, మే నెలలో పెడతారు. దాని తేదీలు పంచాంగంలో ఉండవు, ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు బండిలో వెళ్లాలంటే ఈ-పాస్ కూడా తీసుకోవాలి. అది ఇంకో వేసవికి.

కొడగులోనే ఇంకో పండగ ఉంది, నాకు ప్రాణం. పుత్తరి అంటారు, కొత్త వరి పండగ. నవంబరు చివరలోనో డిసెంబరులోనో రోహిణి నక్షత్రం, పౌర్ణమి చూసుకుని వస్తుంది. కక్కబ్బె దగ్గర పాడి ఇగ్గుతప్ప గుడిలో ముహూర్తం పెడతారు. రాత్రి ఆ ముహూర్తానికి పొలంలోకి వెళ్లి మొదటి వరి కంకులు కోస్తూ "పొలి పొలి దేవా" అని కేక వేస్తారు. మా మదనపల్లె వైపు చిన్నప్పుడు సంక్రాంతికి మా నాన్న పొలం గట్టు మీద పొంగలి చల్లుతూ "పొలో పొలి" అనేవాడు. అదే మాట వేరే భాషలో, వేరే కొండల్లో వినబడితే నా ఒళ్లు జలదరించింది. మీకు అప్పుడు సెలవులు ఉండవు, పెద్దయ్యాక వెళ్లండి.

ఇక ప్రయాణం పనులు. కొడగుకు రైలు లేదు. మైసూరు దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి 120 కిలోమీటర్లు బస్సులో వెళ్లొచ్చు, లేదా మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండులో నేరుగా మడికేరి బస్సు ఎక్కొచ్చు. మనం 16 శుక్రవారమే బయల్దేరాలి. రూము ఇప్పుడే మాట్లాడుకోవాలి, దసరాకు రేట్లు పెరుగుతాయి. హోంస్టే వాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఊళ్లోకి నడిచి ఎంతసేపు? కాఫీ తోటలో పదిహేను కిలోమీటర్ల దూరాన ఎంత అందమైన ఇల్లు దొరికినా దశమి రాత్రికి పనికిరాదు, ఎందుకంటే ఆ రాత్రి వీధుల నిండా జనమే, బండి కదలదు. ఊళ్లోనే చిన్న గది చాలు. దశమి మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రపోతాం కాబట్టి గది ఆ రోజుకు కూడా మనదే అయ్యుండాలి. తిరుగు టికెట్ ఆ పై రోజుకి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

తలకావేరి నుంచి భాగమండలం 8 కిలోమీటర్లు కిందికి. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద జనం, బండ్లు చాలా ఉంటాయి. మధ్యాహ్నానికే పైకి చేరాలి, దిగడానికి తొందర పడకూడదు. వానకోటు, స్వెట్టరు, టార్చి, తడవని చెప్పులు. గొడుగు వద్దు, జనంలో కళ్లకు తగులుతుంది. చెవుల్లోకి దూది పెట్టుకోండి, మంటపాల సౌండు మామూలుగా ఉండదు. ట్రాక్టరుకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. మధ్యలో ఉన్న రెండు మూడు రోజుల్ని చూడాల్సిన చోట్లతో కుక్కకండి. కోట లోపలి రాతి ఏనుగులు, 1820లో లింగరాజేంద్రుడు కట్టించిన ఓంకారేశ్వర గుడి, పొద్దున వేడి వేడి కడంబుట్టు (బియ్యపు రవ్వ ఉండలు), సాయంత్రం రాజాసీట్ తోటలో కూర్చోవడం, అంతే. వాన పడితే అదీ మానేసి గదిలో పేకాడుకుందాం.

స్కూలు వాళ్లు సెలవుల కాగితం ఇవ్వగానే ఫోటో తీసి నాకు పంపండి. ఒక్క రోజు అటూ ఇటూ అయితే మీ టీచర్లతో నేనే వచ్చి మాట్లాడతాను. ఈలోగా మీకో పని. 2027లో, 2028లో అధిక మాసం లేదు. ఆ రెండేళ్లూ దశమి, తులా సంక్రమణం ఎన్ని రోజుల ఎడంగా పడతాయో లెక్క కట్టి, వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు కాగితం మీద రాసి తీసుకురండి. మీ అమ్మమ్మ ఇప్పటికే అటక మీది చిన్న రాగి చెంబు దింపించి చింతపండుతో తోముతోంది.

మీ
తాతయ్య